గుత్తి పేరు మోసిన సాలీడు

జర్మనీలోనో అమెరికాలోనో పెద్ద సాలీళ్ళను గాజుపెట్టెల్లో పెట్టి పెంచుకునేవాళ్ళుంటారు. వాళ్ళ దగ్గర గుత్తి పేరెత్తి చూడండి, కళ్ళు మెరుస్తాయి. కోట సంగతి వాళ్ళకు తెలియదు. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను మొదట పూడ్చింది ఈ ఊళ్ళోనేననీ తెలియదు. వాళ్ళ లెక్కలో గుత్తి అంటే ఒక సాలీడు. కాళ్ళు చాపితే ఆరేడు అంగుళాలు, ఒళ్ళంతా నెమలికంఠం రంగు. 'గూటీ సఫైర్' అని ముద్దుగా పిలుచుకుంటారు. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో అది పొసిలోథీరియా మెటాలికా.

తొలకరి పడ్డాక గుత్తిలో బండి దిగాను. స్టేషన్ బయట టీ అంగట్లో కూర్చుని ఈ సాలీడు ఊసెత్తితే అంగడాయన గ్లాసు కడగడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీలం సాలెపురుగా? నేను పుట్టినకాడి నుంచి ఈడనే ఉండా సార్, సూడ్లేదు. తేళ్ళు కావాలంటే సెప్పండి, కోట ఎక్కితే రాయికొకటి ఉంటాది" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. ఈ సాలీడు గుత్తి పేరు మోస్తోంది గానీ దాని ఊరు గుత్తి కాదు.

పేరు ఇక్కడ అంటుకున్న వైనం ఇది. 1899లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే ఆర్. ఐ. పోకాక్, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఈ జాతిని లోకానికి పరిచయం చేశాడు. అతని చేతికందింది ఒకే ఒక్క సాలీడు. దొరికిన చోటు గుత్తి, రైల్వే వాళ్ళ కట్టెల అడితి. చెట్టు తొర్రల్లో తప్ప బతకని జీవి, చెట్టంటే తుమ్మా రేగూ తప్ప కనిపించని ఊళ్ళో ఎందుకుంటుంది? అడితిలోకి కట్టె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే జవాబు దొరుకుతుంది. రైలుకు ఆ రోజుల్లో పట్టాల కింద స్లీపర్లూ కట్టెలే, బాయిలరుకు మేతా చాలాచోట్ల కట్టెలే. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు మీదుగా బెజవాడ వైపు వేసిన మీటరుగేజి లైను నల్లమలను అడ్డంగా కోసుకుంటూ పోతుంది. ఏ దుంగ తొర్రలోనో పగటిపూట ముడుచుకుని ఉన్న సాలీడు దుంగతో పాటే బండెక్కి గుత్తిలో దిగి ఉంటుంది. దాన్ని పట్టినవాళ్ళు దొరికిన ఊరి పేరు రాసుకున్నారు. ఆ రాత వల్ల తర్వాత వెతికేవాళ్ళ చూపు కూడా గుత్తి మీదే పడింది. నూరేళ్ళ పైచిలుకు కాలం మరొకటి శాస్త్రజ్ఞుల కంటపడలేదు. చివరికి 2001లో కెనడా నుంచి వచ్చిన రిక్ వెస్ట్ నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో దాన్ని మళ్ళీ చూశాడు.

గుత్తి నుంచి అడవి దాకా నాకు కావలసిన దారి కూడా అదే, కట్టె వచ్చిన దారి వెనక్కి. కానీ కోట చుట్టూ ఉన్న కంపల్లో తిరగకుండా ఊరు దాటలేకపోయాను. నీలం సాలీడు లేదు గానీ అక్కడ ఉన్నది ఏమంత తక్కువది కాదు.

కొండ కిందికి దిగే బాట పక్కన రేగుకంప మీద చెత్త పేరుకున్నట్టు బూడిదరంగు ముద్దలు కనిపిస్తాయి. గాలికి కొట్టుకొచ్చిన పాతగుడ్డ అనుకుని దాటిపోతాం. దగ్గరికి వెళ్ళి చూస్తే అది గూడు. ఎండుటాకులు, మిడతల రెక్కలు, పేడపురుగుల పెంకులు దారంతో కుట్టేసినట్టుంటాయి. లోపలికి నాలుగైదు కన్నాలు. ఇది స్టెగోడైఫస్ సరసినోరమ్ అనే సంఘజీవి సాలీడు ఇల్లు. ఒక్కో ఇంట్లో వందల కొద్దీ ఉంటాయి, ఒక్కోటి కందిగింజకు కాస్త పెద్దది. సాలీడంటే ఒంటిపిల్లి రాకాసి, పొరుగుదాన్ని చూస్తే తినేస్తుంది. అటువంటి కులంలో పుట్టి ఉమ్మడి కాపురం చేసే జాతులు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్ది. అందులో ఒకటి మన రాయలసీమ కంపల్లో, పొలాల ముళ్ళకంచెల మీద, ఎవరూ పట్టించుకోకుండా ఉంది.

పొద్దు వాలేదాకా ఒక గూటి ముందు కూర్చున్నాను. పగలంతా అవి బయటికి రావు. వెలుతురు పలచబడ్డాక ఒకటొకటిగా కన్నాల్లోంచి వచ్చి చిరిగిన వల బాగుచేసుకోవడం మొదలుపెట్టాయి. ఈ వలలో జిగురు ఉండదు. దారాన్ని వెనక కాళ్ళమీదున్న దువ్వెన లాంటి వెంట్రుకలతో దువ్వీ దువ్వీ నూగు చేస్తాయి. ఆ నూగులో పురుగుల కాళ్ళ మొనలు ఇరుక్కుంటాయి. చూస్తుండగానే ఒక మిడత ఎగిరొచ్చి పడింది. తన్నుకుంది. మొదట వచ్చిన సాలీడు మీసం పట్టుకుంది, రెండోది వెనక కాలి చివర, ఆ తర్వాత లెక్క పెట్టలేకపోయాను. మిడత వాటికన్నా నాలుగైదింతలు. అయినా కాస్సేపటికి దాని తన్నులాట తగ్గింది. అన్నీ కలిసి గూటి వైపు లాక్కుపోయాయి, మధ్యమధ్య ఒకటి ఇటూ ఒకటి అటూ లాగుతూ. మన ఊళ్ళలో రథం లాగేటప్పుడు కూడా ఇంతకంటే పొందిక ఉండదు.

గూట్లో దాదాపు అన్నీ ఆడవే, మగవి చాలా తక్కువ. పెళ్ళిళ్ళు కూడా ఇంట్లోవాళ్ళతోనే. తల్లి గుడ్ల సంచిని కాపాడి, పిల్లలు పుట్టాక తన కడుపులో కరిగించిన తిండిని కక్కి వాటికి పెడుతుంది. కొన్ని వారాలకు పెట్టడానికి తిండి ఉండదు. అప్పుడు పిల్లలు తల్లినే తినేస్తాయి. తల్లి ఎదిరించదు, పారిపోదు. దీన్ని త్యాగం అనాలని నోటిదాకా వస్తుంది గానీ, ఆపేశాను. ఆ తల్లికి మళ్ళీ ఈనే వయసు ఉండదు. తన ఒంట్లో మిగిలిన మాంసం పిల్లలకు పోతే దాని వంశం నిలుస్తుంది. ప్రకృతి అంతవరకే లెక్క చూస్తుంది.

డోన్ దాటాక బేతంచెర్ల నాపరాళ్ళు, పాణ్యం దగ్గర తడిసిన నేలలు. రాత్రి కురిసిన వానకు గట్ల మీద ఆరుద్ర పురుగులు బయటపడ్డాయి. పిల్లలు అగ్గిపెట్టెలు పట్టుకుని గట్లవెంట వంగి తిరుగుతున్నారు. నా చిన్నప్పుడూ ఇదే పని. ఆరుద్ర కార్తె అంటే జూన్ నెలాఖరు. ఏడాదంతా మట్టిలో పడుకున్న ఈ మఖమలు ముద్ద ఒక్క మంచి వానకు పైకొస్తుంది. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తుంది, ఊపిరి వదిలేలోపు మళ్ళీ నడక. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది. పురుగు అంటున్నాం గానీ ఇది సాలీళ్ళకూ తేళ్ళకూ చుట్టం, నల్లుల్లా రక్తం పీల్చే గోమార్లు చేరే జట్టులోది. పసితనంలో మిడతలనూ ఇతర పురుగులనూ పట్టుకుని వాటి రసం పీల్చి బతుకుతుంది. పెద్దయ్యాక వేటాడుతుంది, చెదలు దొరికితే పండగే. తొలివాన పడగానే చెదలూ రెక్కలు కట్టుకుని పుట్టల్లోంచి ఎగురుతాయి కదా, ఆరుద్ర పురుగు పైకొచ్చే వేళ అదే కావడం ఊరికే జరిగింది కాదు.

నంద్యాల నుంచి గాజులపల్లె దాటితే నేల తీరు మారిపోతుంది. రైల్లో కూర్చున్నవాళ్ళకు చెలమ వచ్చేసరికి కిటికీ అంతా పచ్చదనం, సొరంగం చీకటి, మళ్ళీ పచ్చదనం. తొంభైలలో బ్రాడ్‌గేజి చేసినప్పుడు పాత లైను కొంత వదిలేసి పక్కగా కొత్తది వేశారు. దొరబావి దగ్గర లోయ మీద కట్టిన పాత ఇనుప వంతెనను విప్పేశారు, రాతి స్తంభాలు మిగిలాయి. రోడ్డు దారిన వచ్చేవాళ్ళకు పచ్చర్ల దగ్గర అటవీశాఖ వాళ్ళ విడిది ఉంది. నేను అటే వెళ్ళాను. శాఖ వాళ్ళ అనుమతి లేకుండా ఈ అడవిలో రోడ్డు దిగకూడదు. ఇది పులుల అభయారణ్యం, పైగా రాత్రిపూట తిరిగే పనైతే మరీను.

నా వెంట పంపినది చెంచు ప్రొటెక్షన్ వాచర్‌ని. నాకన్నా పెద్దవాడు, అందుకని పెద్దాయనా అని పిలిచాను, అతను సార్ అనడం మానలేదు. పులి అడుగు, దుప్పి మేత, తేనెపట్టు ఏ వైపు వాలింది, ఇవి అతని చదువు. సాలీడు కోసం మనిషి రైలెక్కి రావడం అతనికి వింతగానే తోచింది. "పులిని సూసేకి వస్తారు. చిరుత అయినా సరే అంటారు. ఈ పురుగు కోసరమా సార్?" అన్నాడు. అయితే ఎక్కడుంటుందని అడిగితే మాత్రం తడుముకోలేదు. "బోలు మానులో."

ఈ సాలీడు కథంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. నల్లమద్ది, చిరుమాను, యేగిస లాంటి చెట్టుకు తొర్ర ఒక్కరోజులో రాదు. గాలికో పిడుగుకో కొమ్మ విరుగుతుంది. విరిగిన చోట వాన నీరు దిగుతుంది, బూజు పడుతుంది, లోపలి చేవ మెత్తబడుతుంది. చెదలు వచ్చి మెత్తబడినదాన్ని తవ్వుకుపోతాయి. బయట బెరడు, దాని కింద బతికున్న పొర మాత్రం మామూలుగానే పెరుగుతుంటాయి కాబట్టి చెట్టు నిలబడే ఉంటుంది. చేయి దూరేంత గుల్ల కావడానికి దశాబ్దాలు పడుతుంది. అడవిలో యాభై చెట్లుంటే సాలీడుకు పనికొచ్చేది ఒకటో రెండో. కట్టె కొలిచే వాడికి మాత్రం బోలు మాను పనికిరానిది. గుల్ల ఉన్నమేరకు కొలతలో కొట్టేస్తారు, వంటచెరుకు కింద లెక్కవేస్తారు. అడవి పైనుంచి పచ్చగా కనబడుతూనే ఈ సాలీడుకు ఇల్లు లేకుండా పోవచ్చు. చిన్న చెట్లు ఎన్ని ఉన్నా దానికి లాభం లేదు. ముసలి చెట్టు కావాలి, అదీ రోగం వచ్చిన ముసలి చెట్టు.

చీకటి పడ్డాక విడిది దీపం చుట్టూ ఉసుళ్ళు కమ్ముకున్నాయి. రెక్కలు రాల్చేసుకుని జతలు జతలుగా ఒకదాని వెనక ఒకటి నేలమీద పరిగెడుతున్నాయి. పెద్దాయన చూసి నవ్వాడు, వీటిని వేయించి బెల్లంతో తింటే ఎంత బాగుంటుందో చెప్పాడు. బాట మీద బెత్తెడు పొడుగు రోకలిబండ పురుగుల వరసలు. నా దగ్గరున్న అతినీలలోహిత టార్చి ఒక బండ సందులో వేయగానే తేలు ఒకటి ఆకుపచ్చగా వెలిగింది. మామూలు టార్చిలో రాతి రంగులో కలిసిపోయి కనబడనిది, ఆ వెలుతురులో కొండి ముల్లుతో సహా మెరుస్తోంది. దాని పెంకులో ఉన్న కొన్ని రసాయనాలు ఆ కిరణాలను పీల్చి ఆకుపచ్చ వెలుగుగా వదులుతాయి. ఇన్నేళ్ళుగా ఈ అడవిలో తిరిగిన పెద్దాయన ఇది మాత్రం ఎప్పుడూ చూడలేదు. టార్చి నా చేతిలోంచి తీసుకుని రాయి రాయీ వెతకడం మొదలుపెట్టాడు. మేం వచ్చిన పని కాసేపు పక్కకు పోయింది.

ఏ చెట్టు, బాటకు ఎంత దూరం, అన్నది రాయను, కారణం తర్వాత చెబుతాను. నల్లమద్దే. తలకన్నా జానెడు ఎత్తులో చీలిక లాంటి తొర్ర. దాని పెదవి చుట్టూ పలచటి పట్టు పొర పరిచి ఉంది. ఈ రకం సాలీళ్ళు వల పన్నవు. చీకటి పడ్డాక తొర్ర అంచుకు వచ్చి ముందు కాళ్ళు బెరడు మీద ఆనించి కూర్చుంటాయి. కళ్ళు ఎనిమిదీ ఉన్నా చూపు అంతంత మాత్రం, పని చేసేవి కాళ్ళ మీది వెంట్రుకలు. బొద్దింకో చిమటో బెరడు మీద నడిస్తే ఆ అదురు చాలు. ఎర్రదీపం వేశాను, వాటికి ఎరుపు పెద్దగా తెలియదు కాబట్టి కదలవు. నాలుగు కాళ్ళు కనిపించాయి. నల్లగా, బొగ్గులా. నీలం అసలు లేదు. ఉండదు కూడా, ఎర్రటి వెలుతురులో నీలానికి తిప్పి పంపడానికి ఏమీ దొరకదు. రెండడుగుల దూరం నుంచి చాలాసేపు చూశాను. కాలి చివర్ల కుచ్చు వెంట్రుకలు, కీళ్ళ దగ్గర పాలిపోయిన మచ్చలు, ఒక్క కాలు మాత్రం ఉండుండి పైకెత్తి మళ్ళీ దించడం. తర్వాత తెల్లదీపం ఒక్క క్షణం వేశాను. బొగ్గు నీలమైంది. తొడల మీద నీలం, మచ్చలు పసుపు, వీపు మీద తెల్లటి గీతలు చెట్టు కొమ్మల్లా చీలిపోయి. నేను ఇంకోసారి చూసేలోపే లోపలికి పోయింది. పోవడం కనబడలేదు, పోయిన తొర్ర కనబడింది.

ఆ నీలం రంగుపొడి వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల లోపల, వెలుతురు తరంగాల పొడవుతో తూగేంత సన్నటి పొరలున్నాయి, అవి నీలాన్ని మాత్రం తిప్పికొడతాయి. మోర్ఫో సీతాకోకచిలుకల రెక్కల నీలం కూడా ఇలాంటి అమరికదే. ఇలా పుట్టే రంగులు చాలావరకు పక్కకు జరిగి చూస్తే మారిపోతాయి. ఈ సాలీడు నీలం ఏ వైపు నుంచి చూసినా అంతగా మారదు. 2015లో అమెరికా పరిశోధకులు పెద్ద సాలీళ్ళను పోల్చి, ఈ నీలం వేర్వేరు వంశాల్లో కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టిందని తేల్చారు. పొరల అమరిక ఒక్కో వంశంలో ఒక్కో రకం, వచ్చిన రంగు మాత్రం దాదాపు ఒకటే. రాత్రిపూట తిరిగే జీవికి రంగెందుకు? వాటికి రంగులు కనబడవు కాబట్టి జోడీ కోసం కాదని అప్పట్లో అనుకున్నారు. 2020లో మరో బృందం, రంగు గుర్తించే ప్రొటీన్ల జన్యువులు ఈ సాలీళ్ళలో పనిచేస్తున్నాయని చూపించి ఆ ప్రశ్నను తిరిగి తెరిచింది. మునిమాపు వేళ చివరి వెలుతురులో తొర్ర బయటికి వచ్చే జీవికి నీలం అక్కరకు రాదని నాకూ అనిపించలేదు.

ఆడది పన్నెండేళ్ళ దాకా బతుకుతుంది. మగది బతికేది మూడు నాలుగేళ్ళే, ఎదిగి ఆఖరి కుబుసం విడిచాక తొర్ర వదిలేసి ఆడదాన్ని వెతుక్కుంటూ బయల్దేరుతుంది, తిరిగి రాదు. దొరికిన ఆడది ఒప్పుకోవచ్చు, తినేయనూ వచ్చు. ఈ సాలీడు కరిచిందంటే మనిషికి నొప్పి గట్టిగానే ఉంటుంది, కండరాలు పట్టేస్తాయి, కొందరికి రోజుల తరబడి. దీని వల్ల మనిషి చచ్చినట్టు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. పెద్దాయనను అడిగితే, తను ఎప్పుడూ వేలు పెట్టలేదు కాబట్టి తెలియదన్నాడు. ఇంతకన్నా తెలివైన జవాబు నేను చదివిన వ్యాసాల్లో లేదు.

2001 తర్వాత కొన్నాళ్ళకే ఇది యూరప్, అమెరికా పెంపకందార్ల గాజుపెట్టెల్లోకి చేరింది. ఇప్పుడు అక్కడ పుట్టి పెరిగేవే వేలల్లో ఉన్నాయి. దాని సొంత అడవిలో దానికున్న చోటు వంద చదరపు కిలోమీటర్ల లోపేనని, అదీ చెదిరిన అడవేనని చెప్పి 2008లో ఐయుసిఎన్ దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో పెట్టింది. ఆ తర్వాత తమిళనాడులో జింజి దగ్గర పక్కమలై కొండల్లోనూ కనిపించిందని వార్తలొచ్చాయి, సంతోషమే. 2019లో ఈ వంశం మొత్తాన్నీ అంతర్జాతీయ వన్యజీవి వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు, ఇక దేశం దాటించాలంటే అనుమతి పత్రం కావాలి. కానీ తొర్రలోంచి సాలీడును తీసేవాడు దాని కోసం బెరడు చీలుస్తాడు. సాలీడు పోతే ఇంకొకటి రావచ్చు. చీల్చిన తొర్రలోకి రాదు. అందుకే ఆ చెట్టు ఎక్కడుందో చెప్పనన్నాను.

మర్నాడు పొద్దున పెద్దాయన వెంట ఫైర్ లైన్ దాకా నడిచాను. ఎండాకాలంలో అడవి అంటుకుంటే మంట ఆగాలని రెండు వైపులా ఆకూ అలమూ ఊడ్చి శుభ్రం చేసిన బాట అది. వేసవిలో అతని అసలు పని ఇదే. నేలమంట మామూలు చెట్టు మొదలును నల్లగా చేసి దాటిపోతుందట. బోలు మాను అయితే మొదట్లోంచి లోపలికి దూరి, పొగగొట్టంలా పైకి లాగి రెండు రోజులైనా లోపల్లోపలే కాలుతుందట. లైను పక్కన తొర్ర చెట్టు కనబడితే దాని మొదలు చుట్టూ ఆకులు ముందే ఊడ్చేస్తానన్నాడు. సాలీడు కోసమా అని అడిగాను. "దాని కోసరం ఎందుకు సార్? అది కాలి లైనుకడ్డంగా పడితే మంట అవతలికి దాటదా? మళ్ళా రాత్రంతా మాకే గదా పని" అన్నాడు.